మికుమా కిట్టు: ఇత్తడి రేకుల కంటే పట్టు పోగు మేలు

మికుమా అనే పాత జపాను యుద్ధనౌకను అసలులో 700వ వంతు కొలతలో, ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసుకునే తమియా కంపెనీ వారి 1/700 స్కేలు కిట్టు కొనబోయేవారికి ముందుగా ఒక మాట. కిట్టును కళ్ళు మూసుకుని కొనండి. దానికి జోడీగా వేరే కంపెనీలు అమ్మే ఇత్తడి రేకుల సెట్టును మాత్రం కళ్ళు తెరిచి చూసి, లెక్క వేసుకుని, ఆ తర్వాత వద్దనుకోండి. నాకు కిట్టు నేను కొనుక్కున్నది, ఇత్తడి సెట్టు విశాఖలో ఉండే మా బావమరిది కానుకగా పంపినది. ఓడ పూర్తయింది. సెట్టులో ముప్పాతిక వంతు ఇప్పటికీ కవరు దాటి బయటికి రాలేదు. మా బావమరిది ఇది చదివితే నొచ్చుకుంటాడేమో కానీ, లెక్కలు చూస్తే అతనూ ఒప్పుకుంటాడు. అతను ఇంజనీరు.

నేను బరంపురంలో చేతిగడియారాలు బాగుచేస్తాను. పెద్ద బజారు వెనక సందులో కొట్టు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సాయంత్రం దాకా ఈ ఊళ్ళో ఏ కొట్టుకూ బేరం ఉండదు. ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ ఆ ఒక్క విషయంలో ఏ తగువూ లేకుండా కునుకు తీస్తారు. ఆ ఖాళీలో నేను ఓడలు చేస్తాను. కంటి అద్దం, సన్నని ట్వీజర్లు, బల్ల దీపం ఎలాగూ వృత్తికి కావలసినవే, కొత్తగా కొనాల్సిన పని లేకపోయింది. అందువల్ల నా అభిప్రాయాల్లో గడియారాలవాడి చాదస్తం కొంత ఉంటుంది. అతుకు ఎక్కడుంది, సందు ఎంత ఉంది అన్నది ముందు చూస్తాను. అందం సంగతి తర్వాత.

ఇన్ని ఓడలుండగా మికుమాయే ఎందుకు అని కొట్టుకు వచ్చినవాళ్ళు అడుగుతూ ఉంటారు. గోపాల్‌పూర్ రేవు మాకు కూతవేటు దూరం. మా తాతల తరంలో గంజాం తెలుగువాళ్ళు కూలికీ వ్యాపారానికీ అక్కడే స్టీమరెక్కి రంగూన్ వెళ్ళేవారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1942లో ఆ దారి మూసుకుపోయింది. ఆ ఏప్రిల్ 1న ఒజావా అనే జపాను అడ్మిరల్ తన దళంతో బర్మాలోని మెర్గుయి రేవు నుంచి బయలుదేరి బంగాళాఖాతంలోకి వచ్చాడు. 6వ తేదీన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ బాంబుల సంగతి మన పెద్దవాళ్ళు చెప్పగా చాలామంది విన్నారు. అదే రోజు సముద్రంలో జరిగిన వేట గురించి విన్నవారు తక్కువ. ఒజావా దళంలోని క్రూయిజర్లు, అంటే వేగంగా తిరిగే మధ్యరకం యుద్ధనౌకలు, మూడు గుంపులుగా విడిపోయి, కలకత్తా దారిలో కాపలా లేకుండా పోతున్న వర్తక నౌకలను వెతికి వెతికి ముంచాయి. ఆ కొద్ది రోజుల్లో మొత్తం మీద ఇరవైకి పైగా ఓడలు పోయాయి. ఉత్తరపు గుంపులో కురిటా నాయకత్వాన కుమానో, సుజుయా ఉన్నాయి. వాటి వేట మా ఒడిశా తీరానికి ఎదురుగా సాగింది. దక్షిణపు గుంపులో మికుమా, మొగామి ఉన్నాయి. కృష్ణా గోదావరి తీరాలకు ఎదురుగా డార్డానస్, గండారా అనే బ్రిటిష్ స్టీమర్లను ఈ గుంపు ముంచింది.

అలాగయితే మా తీరానికి వచ్చిన కుమానోను చేయాలి గదా. చేయలేదు, దానికి కారణం ఉంది. కుమానో 1944 నవంబరు దాకా బతికింది. బతికినన్నాళ్ళూ దాని మీద విమానాలను కూల్చే చిన్న తుపాకులు పెరుగుతూ పోయాయి, రాడార్లు వచ్చాయి. ఏ సంవత్సరపు రూపం చేస్తున్నామో తేల్చుకోకపోతే 1942 నాటి సముద్రం మీద 1944 నాటి ఓడ తేలుతుంది. మికుమాకు ఆ చిక్కు లేదు. 1942 జూన్ 5 తెల్లవారుజామున, పసిఫిక్ సముద్రంలో అమెరికాతో జరిగిన మిడ్‌వే యుద్ధంలో, దాని సొంత జోడు మొగామి వచ్చి దాన్ని గుద్దింది. మర్నాడు ఎంటర్‌ప్రైజ్, హార్నెట్ అనే అమెరికా విమానవాహక నౌకల విమానాలు దాన్ని ముంచాయి. అంటే మన తీరాన తిరిగిన రూపానికీ చివరి రూపానికీ మధ్య రెండు నెలలే తేడా. ఓడ తొందరగా మునగడం మోడల్ చేసేవాడికి ఒక సౌకర్యం. ఈ మాట ఓడలో పోయిన మనుషులను తలుచుకుంటే అనకూడనిదే.

ఇక పెట్టెలోకి వద్దాం. 1971లో షిజువోకా ఊరి కంపెనీలు కలిసి వాటర్‌లైన్ సిరీస్ అని ఒక వరస మొదలుపెట్టాయి. జపాను యుద్ధనౌకలన్నీ 1/700 కొలతలో, నీటిమట్టం దగ్గర కోసేసినట్టు బల్లపరుపు అడుగుతో వస్తాయి. మికుమా ఆ వరసలోదే. అసలు ఓడ పొడవు 200 మీటర్ల పైచిలుకు. మోడల్ దాదాపు 29 సెంటీమీటర్లు, పిల్లల స్కూలు స్కేలు కంటే కాస్త తక్కువ. మా కొట్టు గాజు బీరువాలో గోడగడియారం కింద సరిగ్గా పట్టింది. చిన్న ఇళ్ళలో ఉండేవారికి ఈ కొలతే సరి. 1/350 ఓడలు చూడటానికి గొప్పగానే ఉంటాయి, ఒక్కోటి ఒక బీరువా అడుగుతుంది.

అమరిక గురించి తమియాకు ఉన్న పేరు ఊరికే రాలేదు. ముక్కలన్నీ కాడలతో అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి ముక్క కోసి, కాడ గుర్తును సన్నని ఆకురాయి కాగితంతో రుద్ది, జిగురు లేకుండా ఆనించి చూస్తే చాలు, ముక్క తన చోటు తానే చెబుతుంది. డెక్కుకూ ఓడ పక్కగోడలకూ మధ్య పుట్టీ పెట్టాల్సిన సందు నాకు కనబడలేదు. ఓడను నడిపేవారు నిలబడే, బురుజులా లేచే వంతెన (బ్రిడ్జి) భాగం అంతస్తు మీద అంతస్తుగా పేరుస్తూ పోవాలి. ఒక అంతస్తు వెంట్రుక వాసి వంకర పోయినా పై అంతస్తులో అది రెట్టింపు అవుతుంది, కాబట్టి ప్రతి అంతస్తునూ నాలుగు వైపుల నుంచీ చూసి గాని తర్వాతది ఎక్కించకండి. ఒకే నమూనాలో కట్టిన ఈ తరగతి నాలుగు అక్కచెల్లెలు ఓడలకూ పనికివచ్చే ముక్కలు కలిసి వస్తాయి గనుక చివరికి కొన్ని మిగులుతాయి. పారేయకండి. చిన్న పడవలు, సెర్చిలైట్లు మరో ఓడకు పనికొస్తాయి.

జిగురు విషయంలో పొదుపు పనికిరాదు. తమియాదే ఆకుపచ్చ మూత సీసా, నీళ్ళలా పలచన. రెండు ముక్కలను ముందే కలిపి పట్టుకుని, సీసా మూతకున్న కుంచె మొన అతుకు అంచుకు తాకిస్తే చాలు, జిగురు తనంతట తానే సందు పొడవునా పరుగెత్తుతుంది. గడియారంలో కెంపురాయి రంధ్రానికి నూనె చుక్క ఆనిస్తే అది లోపలికి పాకినట్టే. చుక్క ఎక్కువైతే రెండు చోట్లా అదే గతి, అక్కర్లేని చోటుకు పాకి పని చెడగొడుతుంది. బొమ్మల కొట్లలో ట్యూబులో దొరికే చిక్కటి జిగురుతో ఈ స్కేలు ఓడ చేయవద్దు. తీగలు సాగుతుంది, ముక్క మీద మరకలు మిగులుస్తుంది.

ఈ ఓడ చరిత్రంతా దాని తుపాకుల్లో ఉంది, మోడల్‌లో కూడా చూడాల్సింది అక్కడే. దేశాల నౌకాబలాలకు హద్దులు పెట్టిన 1930 లండన్ ఒప్పందం 155 మిల్లీమీటర్లు మించని తుపాకులున్న క్రూయిజర్లను వేరే కోటాలో లెక్కవేసింది. భారీ క్రూయిజర్ల కోటా అయిపోయిన జపాను, 155 మిల్లీమీటర్ల తుపాకులు మూడేసి చొప్పున అయిదు టరెట్లలో (తుపాకులు అమర్చిన, అటూ ఇటూ తిరిగే ఉక్కు గదుల్లో), మొత్తం 15 పెట్టి ఈ ఓడను 1935లో దళంలో చేర్చింది. కాగితం మీద ఇది తేలికపాటి క్రూయిజర్. అందుకే దీనికి కొండ పేరు కాక నది పేరు పెట్టారు. జపానువారి లెక్కలో భారీ క్రూయిజర్లకు కొండలు, తేలిక క్రూయిజర్లకు నదులు. ఒప్పందం కట్టుబాట్లు పోయాక 1939లో ఆ మూడేసి తుపాకుల టరెట్లు తీసేసి, 203 మిల్లీమీటర్ల తుపాకులు రెండేసి ఉన్న టరెట్లు ఎక్కించారు. ఓడ భారీ తరగతికి మారింది, నది పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఊడదీసిన టరెట్లలో కొన్ని ఆ తర్వాత యమాటో తరగతి మహా యుద్ధనౌకలకు రెండో వరస తుపాకులుగా వెళ్ళాయి.

కొత్త గొట్టాలు పాతవాటి కంటే మీటరుకు దగ్గరగా పొడవు ఎక్కువ. టరెట్ల మధ్య దూరం మాత్రం పాత కొలతే. దాంతో ముందువైపు రెండో టరెట్టును నేరుగా ముక్కు వైపు తిప్పితే దాని గొట్టాలు మొదటి టరెట్టుకు తగులుతాయి. అందుకని అసలు ఓడలోనే ఆ రెండో టరెట్టు గొట్టాలను కొంచెం పైకెత్తి ఉంచేవారు. మోడల్ చేసేవాళ్ళలో చాలామంది ముందున్న టరెట్లన్నిటినీ ఒకే మట్టంలో పెట్టేసి అందంగా ఉందనుకుంటారు. అలా పెడితే ఆ ఓడ కథే పోతుంది. నేను మొదటి టరెట్టు గొట్టాలు మట్టంగా ఉంచి, రెండోదానివి దాని నెత్తి మీదుగా పోయేలా ఎత్తి అతికించాను. కొట్టులోకి వచ్చిన ఒక రిటైర్డు నేవీ ఉద్యోగి, చిలికా శిక్షణ కేంద్రంలో పనిచేసినాయన, కళ్ళజోడు సర్దుకుని ముందు ఆ గొట్టాలనే చూసి "ఇది ఎందుకు లేచి ఉంది బాబూ?" అని అడిగారు. ఆయన తెచ్చిన గడియారానికి బ్యాటరీ మార్చడం కంటే ఆ సంగతి చెప్పడానికే ఎక్కువ సేపు పట్టింది.

గొట్టాల మూతులకు రంధ్రం చేయాలా వద్దా అన్నది మరో సంగతి. 203 మిల్లీమీటర్లను 700తో భాగిస్తే 0.29. నా దగ్గర 0.3 మిల్లీమీటర్ల డ్రిల్లు ముక్కు ఉంది. ముందు సూది మొనతో నడిమధ్య ఒక చిన్న గుంట చేసుకుని, కంటి అద్దం పెట్టుకుని, డ్రిల్లును వేళ్ళ మధ్య పట్టి అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ పోవాలి. ప్లాస్టిక్ పొడి తెల్లటి పిండిలా రాలుతుంది. గొట్టం పొడవునా అక్కర్లేదు, మొనలో చీకటి కనబడేంత లోతు చాలు. పది గొట్టాలకూ చేశాక ఆ టరెట్లు ప్రాణం పోసుకున్నాయి. చేయి వణికేవారు ఈ పని మానేసి, మొన మీద నల్లరంగు చుక్క పెట్టుకుంటే సరిపోతుంది, అడుగు దూరంలో తేడా ఎవరికీ తెలియదు.

ఇక ఇత్తడి. ఆమ్లంతో కొరికించి చేసిన ఈ రేకుల్లో ఓడ చుట్టూ పెట్టే కటకటాలు, నిచ్చెనలు, తలుపులు, క్రేను, విమానాలను గాలిలోకి విసిరే కేటపుల్టులు, అన్నీ ఉంటాయి. రేకు చేతిలో పట్టుకుంటే బంగారు నగలా మెరుస్తుంది, ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ కొలవండి. మా బావమరిది పంపిన సెట్టులో కటకటాల కమ్మీ మందం నా మైక్రోమీటర్ మీద 0.1 మిల్లీమీటరుకు దగ్గరగా తేలింది. దాన్ని 700తో హెచ్చిస్తే 70 మిల్లీమీటర్లు. అసలు ఓడ మీద నావికుడు పట్టుకునే కమ్మీ మనిషి బొటనవేలంత లావు ఉంటుంది, మణికట్టంత కాదు. ఓడ చుట్టూ ఆ లావు కంచె కట్టి, దాని మీద రంగు కూడా వేస్తే అది ఇంకా లావెక్కుతుంది. అప్పుడు ఓడకు పెరటి దడి కట్టినట్టు ఉంటుంది గాని సన్నని వివరం చేర్చినట్టు ఉండదు. పైగా ఇత్తడికి ఇందాకటి ప్లాస్టిక్ జిగురు పనిచేయదు, సూపర్ గ్లూ కావాలి. అది ఆరేటప్పుడు పక్కనంతా తెల్లటి మసక పరుస్తుంది. తీరప్రాంతపు తేమలో ఆ మసక మరీ ఎక్కువ.

అందుకని సెట్టులో నేను వాడినవి రెండే: కేటపుల్టులు, క్రేను. ఏ కంపెనీ అచ్చయినా సరే, జాలీ పని ప్లాస్టిక్‌లో తీయడం కష్టం. ఉక్కు కమ్మీల మధ్య నుంచి అవతలి సముద్రం కనబడాల్సిన చోట గోడ వచ్చి నిలబడుతుంది. ఓడ వెనక భాగంలో పట్టాల మీద విమానాలు నిలిపే డెక్కు ఉంటుంది, నీటి మీద వాలే విమానాలు ఈ ఓడ మీద మూడు. చూసేవారి కన్ను టరెట్ల తర్వాత వెళ్ళేది అక్కడికే. ఆ రెండు చోట్లా ఇత్తడి తన ధర తాను సంపాదించుకుంటుంది. మడతపెట్టేటప్పుడు వేళ్ళతో వంచకండి. రెండు బ్లేళ్ళ మధ్య రేకును అదిమి, మూడో బ్లేడుతో కింది నుంచి లేపితే అంచు సూటిగా వస్తుంది. తలుపులు, నిచ్చెనలు వదిలేయండి. రెండు మీటర్ల తలుపు ఈ కొలతలో మూడు మిల్లీమీటర్లు కూడా రాదు. అచ్చులోనే వచ్చిన తలుపు మీద పలచని ముదురు రంగు నీళ్ళు పారిస్తే అంచులు వాటంతట అవే తేలతాయి.

ఇత్తడి వద్దన్నవాడు దాని బదులు ఏం పెట్టాడని అడుగుతారు. నా జవాబు పట్టు. ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి, అక్కడి నుంచి డెక్కుకు వైర్‌లెస్ తీగలు పోతాయి. ఈ తీగలు లేకపోతే ఎంత మంచి ఓడయినా బొమ్మలాగే కనబడుతుంది, ఉంటే దానికి గాలి తగులుతున్నట్టు ఉంటుంది. చట్రం కాడను కొవ్వొత్తి మీద మెత్తబరిచి లాగి తీసిన ప్లాస్టిక్ పోగును చాలామంది వాడతారు. అది బాగానే ఉంటుంది, దుమ్ము తుడవబోతే పుటుక్కున తెగుతుంది. ఈ పని కోసమే అమ్మే సాగే దారాలూ ఉన్నాయి, వాటి కోసం మళ్ళీ పార్సెలు తెప్పించాలి. బరంపురంలో కూర్చుని పోగు కోసం పార్సెలు తెప్పించడం ఎంత అన్యాయం! ఫోడా కుంభ అంచు పట్టుచీర నేసే ఊరు ఇది.

నేతవారి వీధిలో మాకు తెలిసిన పెద్దాయన ఉన్నారు. ఆయన గోడగడియారం చాలా ఏళ్ళుగా నా చేతిలోనే తిరుగుతోంది. బెంగళూరు నుంచి వచ్చిన, ఇంకా ఉడకబెట్టి జిగురు తీయని పట్టు చిలప ఒకటి చూపించి, "ఎంత కావాలి నాయనా?" అన్నారు.

"ఒక మూర చాలు బాబాయి."

"మూరతో ఏం నేస్తావు?"

"నేయడానికి కాదు, ఓడకు తీగలు కట్టాలి. అదీ ఈ దారం అలాగే కాదు, ఇందులోని పోగులు విడదీసి ఒక్కొక్కటే వాడాలి."

ఆయన నవ్వి, "మా పనిలో పోగు విడిపోతే చీర పోయినట్టే. నీకు విడిపోతేగాని పని లేదన్నమాట," అని మూర కాదు, రెండు బారలు కొలిచి ఇచ్చారు. డబ్బు పుచ్చుకోలేదు.

ముడి పట్టు దారంలో అనేక పట్టుకాయల పోగులు కలిసి ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది పురుగు కక్కిన జిగురే. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టి, నల్లటి గుడ్డ మీద పరిచి, సూది మొనతో ఒక చివర విడదీస్తే ఒంటి పోగు లేస్తుంది. దాని మందం సుమారు 0.02 మిల్లీమీటర్లు. 700తో హెచ్చిస్తే 14 మిల్లీమీటర్లు, అంటే నిజమైన తీగకు సరిపోయే లావు. ఇత్తడి కమ్మీ అయిదు రెట్లు బొద్దుగా వచ్చిన చోట మా ఊరి పట్టు అచ్చంగా కొలతకు దిగింది. పోగును రెండు చివర్లా చిన్న అట్టముక్కకు అంటించి, నల్ల మార్కరుతో ఒకసారి నిమిరితే రంగు పట్టేస్తుంది. స్తంభం దగ్గర సూది మొనతో సూపర్ గ్లూ చుక్కలో పదో వంతు. పోగు ఆనించి, ఊపిరి బిగబట్టి, పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఫ్యాను ఆపేయడం మరవకండి. తలుపు కూడా వేసుకోండి, సందులో స్కూటరు పోయినా ఈ పోగు ఊగుతుంది.

పట్టుకు ఒక గుణం ఉంది, ముందే చెప్పాలి. తేమ పీల్చుకుంటుంది. ఆషాఢం వచ్చేసరికి మా ఓడ తీగలు కొంచెం వేలాడతాయి, సంక్రాంతి చలిగాలికి మళ్ళీ బిగుస్తాయి. నాకు అది బాగానే అనిపిస్తుంది. నచ్చనివారు ప్లాస్టిక్ పోగే వాడుకోవచ్చు, వెలిగించిన అగరుబత్తి దూరం నుంచి చూపిస్తే అది బిగుస్తుంది.

రంగుల దగ్గర ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. జపాను ఓడ పైభాగమంతా బూడిద రంగు. కురే, ససెబో, మైజురు, యొకొసుక నౌకాగారాల పేర్లతో తమియా నాలుగు రకాల బూడిద రంగులు అమ్ముతుంది. నేను కురే తీసుకున్నాను. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. డెక్కు కర్రది కాదు. జపాను క్రూయిజర్ల డెక్కు మీద గోధుమ ఎరుపు రంగు లినోలియం అనే నేలపరుపు పరిచి, దాన్ని అడ్డంగా ఇత్తడి పట్టీలతో బిగించేవారు. ఈ పట్టీలు మోడల్ మీద సన్నని గీతలుగా ఉబ్బి ఉంటాయి. కొందరు ప్రతి గీతకూ బంగారు రంగు పూస్తారు. ఇక్కడా నేను ఇత్తడికి ఎదురే. ఆకాశంలో విమానమంత ఎత్తు నుంచి మనం ఓడను చూస్తున్నాం, ఆ ఎత్తు నుంచి పట్టీ మెరుపు కనబడదు. డెక్కుకు గోధుమ రంగు వేసి, ఆరాక అదే రంగులో రెండు చుక్కల పసుపు కలిపి, తడి దాదాపు ఆరిపోయిన కుంచెతో గీతల మీద ఒక్కసారి పైపైన రాశాను. వెలుగు పక్క నుంచి పడినప్పుడు మాత్రమే గీతలు లేస్తాయి, అంతే చాలు.

ఇక్కడి వాతావరణంలో వేళ చూసుకుని రంగు వేయాలి. వానాకాలంలో స్ప్రే కొడితే రంగు మీద తెల్లటి పొగ కమ్ముతుంది, ఆరేటప్పుడు గాలిలోని తేమ పట్టేస్తుంది కాబట్టి. వేసవి మధ్యాహ్నం కుంచె సీసా నుంచి ఓడ దాకా వచ్చేలోగా రంగు ఎండిపోతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా, పొద్దున్న మంచు విడిచాక, అదే మంచి సమయం. మోటారు విడిభాగాల కొట్లో దొరికే బూడిద రంగు ప్రైమర్ డబ్బాతో అడుగు పూత వేయవచ్చు, చాలా చవక. దానిలో ద్రావకం ఘాటుగా ఉండవచ్చు. ముందు ఖాళీ చట్రం ముక్క మీద కొట్టి చూడండి. ప్లాస్టిక్ మెత్తబడకపోతే దూరం నుంచి పలచగా రెండు మూడు పూతలు వేయండి.

సముద్రం కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లైవుడ్ ముక్క మీద టిష్యూ కాగితం పరిచి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ పూసి, తడిగా ఉన్నప్పుడే కుంచె వెనకతో చిన్న అలలు నెట్టాలి. రంగు కోసం నేను గోపాల్‌పూర్ లైట్‌హౌస్ మెట్లెక్కి చూశాను. ఒడ్డు దగ్గర ఆకుపచ్చ, దాని అవతల బూడిద పచ్చ, ఆ చివర నీలిమందు. ఓడ తిరిగింది లోతు నీళ్ళలో గనుక నీలిమందే వేశాను. ముక్కు దగ్గర తెల్లని నురగ ఎక్కువ పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. వర్తక స్టీమరు వెంటపడ్డ ఓడ అయినా దాని నురగ పక్కలంట సన్నగా సాగుతుంది, వెనకే విశాలంగా పరుచుకుంటుంది. పైన మెరుపు వార్నిష్ రెండు పూతలు. అద్దాల పెట్టె మా సందు చివర దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే అతను చేసిపెట్టాడు. మూలలు గట్టిగా, సూటిగా వచ్చాయి. పని బాగుంది, ధర అంతకంటే బాగుంది. ఓడకు పెట్టె కట్టడం అతనికి ఇదే మొదలు, జగన్నాథుడికి కట్టే కొలతల్లోనే కట్టేశాడు.

కొనడం మాత్రం ఇంకా ఇబ్బందే. బరంపురంలో ఇలాంటి కిట్లు అమ్మే కొట్టు నాకు కనబడలేదు. ఆన్‌లైన్‌లో పెద్ద నగరాల దుకాణాల నుంచి తెప్పించుకోవాలి. నాకు కిట్టు మూడు వేల రూపాయలు దాటింది. తెచ్చిన కొరియర్ పేరు చెప్పను గాని, పెట్టె మూల నలిగి వచ్చింది, లోపలి సంచులు గట్టిగా ఉండబట్టి ముక్కలకు ఏమీ కాలేదు. తీసుకున్న వెంటనే చట్రాలన్నీ పెట్టెలోని సూచనల కాగితంతో సరిచూసుకోండి, ముఖ్యంగా సన్నని స్తంభాలున్న చట్రం. చిరునామాలో ఊరు పేరు ఇంగ్లీషులో బెర్హంపూర్ అని రాసినప్పుడు పక్కనే గంజాం, ఒడిశా అని తప్పకుండా రాయండి, పశ్చిమ బెంగాల్లో అదే పేరుతో ఇంకో ఊరుంది. మా పార్సెల్ ఒకటి ఆ ఊరి గంగ చూసుకుని వచ్చింది.

స్ప్రే డబ్బాలు మండే సరుకు గనుక విమానంలో పంపరు, లారీ మీద వచ్చేదాకా ఓపిక పట్టాలి. సీసా రంగులయితే ఆ గొడవ కొంత తక్కువ. మొదటిసారి చేసేవారు బూడిద, గోధుమ, నలుపు, తెలుపు, ఈ నాలుగు సీసాలు తెప్పించుకుంటే చాలు. దుకాణంవాళ్ళు ఓడ అడుగుకని ఎర్ర రంగు కూడా అంటగట్టబోతారు. ఓడను నీళ్ళలో కూర్చోబెట్టేవారికి ఆ ఎరుపుతో పని లేదు, నీటి కింది అడుగే లేని ఓడ ఇది.